ఆపరేషన్ తర్వాత ఇంట్లో పొట్ట ఇంజక్షన్: ఎనాక్సపారిన్ సొంతంగా వేసుకోవడం ఎలా

మోకాలి చిప్ప మార్పిడి, తుంటి మార్పిడి, పొట్టలో క్యాన్సర్ ఆపరేషన్, కొందరికి సిజేరియన్. వీటి తర్వాత డిశ్చార్జి అయ్యేటప్పుడు మందుల సంచిలో మాత్రలతో పాటు చిన్న సిరంజిల పెట్టెలు కూడా ఉంటాయి. "ఇవి రోజుకొకటి, బొడ్డు పక్కన వేసుకోండి" అని చెప్పి పంపిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈ మందు పేరు ఎనాక్సపారిన్. క్లెక్సేన్ సహా చాలా బ్రాండ్లలో దొరుకుతుంది. ఆపరేషన్ తర్వాత కదలిక తగ్గి కాళ్లలోని లోతు సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది. గాయం మానే క్రమంలో రక్తానికి గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. పిక్కలో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ముప్పు ఆసుపత్రి గేటు దాటగానే పోదు, వారాల పాటు ఉంటుంది. అందుకే సూది ఇంటిదాకా వస్తుంది.

వేసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. చేయి తిరగడానికి రెండు మూడు రోజులు చాలు. జాగ్రత్త పడాల్సింది సూది గుచ్చడంలో కంటే దానికి ముందూ వెనకా జరిగే పనుల్లో: షాపులో మారిపోయే మందు, బలవంతంగా తీసేసే గాలి బుడగ, వేశాక రుద్దే చేయి, నొప్పికని ఊళ్లో వేయించుకునే మరో ఇంజక్షన్. ఇక్కడ ఎక్కువ భాగం వాటికే ఇచ్చాం. మోతాదు, రోజుల లెక్క మాత్రం మీ డాక్టర్ రాసిందే ఆఖరు మాట.

డిశ్చార్జి రోజే తేల్చుకోవాల్సినవి

డిశ్చార్జి కాగితంలో మోతాదు మిల్లీగ్రాముల్లో రాసి ఉందో లేదో చూడండి. ఆపరేషన్ తర్వాత గడ్డలు కట్టకుండా ముందుజాగ్రత్తగా ఎక్కువగా వాడేది రోజుకు ఒకసారి 40 మి.గ్రా., అంటే 0.4 మి.లీ. సిరంజి. అప్పటికే గడ్డ కట్టినవాళ్లకు చికిత్సగా ఇచ్చే మోతాదు వేరు. అది బరువును బట్టి ఉంటుంది, చాలాసార్లు రోజుకు రెండుసార్లు ఇస్తారు. పక్క మంచం ఆయనకు 60 అని, మనకు 40 అని కంగారు పడొద్దు.

ఎన్ని రోజులో అంకెతో రాయించుకోండి. సాధారణంగా మోకాలి మార్పిడికి 10 నుంచి 14 రోజులు, తుంటి మార్పిడికి 28 నుంచి 35 రోజులు, పొట్ట లేదా కటి భాగంలో క్యాన్సర్ ఆపరేషన్‌కు 28 రోజులు ఇస్తారు. సిజేరియన్ అయినవాళ్లలో ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకే రాస్తారు. కొందరికి 10 రోజులు, కొందరికి 6 వారాలు. "28 రోజులు" అంటే ఆసుపత్రిలో వేసినవాటితో కలిపా, ఇంటికొచ్చాక 28నా? ఈ ఒక్క ప్రశ్న అడగక చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. కలిపి అయితే, వార్డులో 5 వేసి ఉంటే ఇంట్లో వేసుకోవాల్సినవి 23. చివరి రోజు తారీఖు కాగితం మీద రాయించుకుంటే గొడవే ఉండదు. చివరి ఇంజక్షన్ వార్డులో ఎన్ని గంటలకు వేశారో కూడా రాసుకోండి. రోజుకు ఒకటే రాసినవాళ్లు ఇంట్లో మొదటిది దానికి 24 గంటల తర్వాత వేయాలి.

కిడ్నీ సమస్య ఉంటే, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును చూపే అంకె) ఎక్కువని ఎప్పుడైనా చెప్పి ఉంటే, డాక్టర్‌కు గుర్తుచేయండి. ఈ మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. వాటి పని బాగా తగ్గినవాళ్లలో మందు ఒంట్లో పేరుకుని రక్తస్రావానికి దారితీస్తుంది కాబట్టి మోతాదు తగ్గిస్తారు. గుండెకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి కొనసాగించాలా, ఆపాలా అన్నదీ ఆ రోజే అడగాలి. మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఇంతకుముందు హెపారిన్ (ఎనాక్సపారిన్ కుటుంబానికే చెందిన మందు) పడక ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పడిపోయి ఉంటే తప్పకుండా చెప్పాలి.

అడగడానికి చాలామంది మొహమాటపడే విషయం ఇంకొకటి ఉంది. ఎనాక్సపారిన్‌ను పంది పేగుల లోపలి పొర నుంచి తీసిన హెపారిన్‌తో తయారుచేస్తారు. మతం వల్లనో శాకాహార నియమం వల్లనో మీకు అభ్యంతరం ఉంటే డిశ్చార్జికి ముందే చెప్పండి. ఫోండాపారినక్స్ అనే మందును జంతువుల నుంచి తీయరు, రసాయనికంగా తయారుచేస్తారు. మీకు అది సరిపడుతుందో లేదో డాక్టర్ చూస్తారు. ఇంటికెళ్లాక తెలిసి, చెప్పకుండా మానేయడం అన్నిటికన్నా ప్రమాదకరం.

ఇక ముఖ్యమైన పని. డిశ్చార్జికి ముందు కనీసం ఒక ఇంజక్షన్ సిస్టర్ పక్కనుండగా మీ చేత్తో, లేదా ఇంట్లో వేయబోయేవాళ్ల చేత్తో వేయించండి. "సిస్టర్, ఈ రోజుది నేను వేసుకుంటా, మీరు చూడండి" అంటే ఎవరూ కాదనరు. చూసి నేర్చుకున్న దానికీ, ఒక్కసారి వేసి నేర్చుకున్న దానికీ చాలా తేడా ఉంది.

మెడికల్ షాపులో జరిగే పొరపాట్లు

ఆసుపత్రి ఇచ్చినవి అయిపోయాక మీ ఊరి షాపుకు వెళ్తే "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే" అనొచ్చు. పెట్టె మీద మందు పేరు ఎనాక్సపారిన్ అని, మోతాదు 40 మి.గ్రా./0.4 మి.లీ. అని ఉంటే బ్రాండ్ మారినా మందు అదే. మారిందని డాక్టర్‌కు ఒక మాట చెబితే చాలు. డాల్టెపారిన్ అనో, ఉత్త హెపారిన్ అనో ఉంటే మాత్రం తీసుకోవద్దు. అవి ఒకే కుటుంబం మందులైనా వాటి కొలతలు వేరు, ఒకదాని బదులు ఒకటి వేయకూడదు.

రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. సిరంజిల బదులు కొన్నిచోట్ల సీసా (వయల్) ఇస్తారు. తక్కువ ధరకు వస్తుందని తీసుకుంటారు. సీసా అయితే సిరంజిలోకి మీరే మందు లాగాలి. చక్కెర జబ్బు ఉన్న ఇంట్లో ఇన్సులిన్ సిరంజి చేతికి అందుతుంది. అక్కడే ముప్పు. ఎర్ర మూత ఉండే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో 40 గీత అంటే పూర్తిగా 1 మి.లీ. మామూలు ఎనాక్సపారిన్ 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. "నలభై కదా" అని 40 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 100 మి.గ్రా., రెండున్నర రెట్లు. ఇంట్లో వేసుకునేవాళ్లు మందు నింపి వచ్చే సిరంజిలే కొనాలన్నది మా గట్టి అభిప్రాయం. సీసా తప్పనిసరి అయితే మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజి తీసుకుని, ఏ గీత దాకా లాగాలో సిస్టర్‌తో పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

ధర భారం అనిపిస్తే: ఇది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు, దీని ధరకు ప్రభుత్వ గరిష్ఠ పరిమితి ఉంటుంది. బ్రాండ్లను బట్టి అమ్మే ధరలో తేడా కనిపిస్తుంది. జన ఔషధి కేంద్రంలోనూ అడగండి. ఆదివారాలు, పండగలు దాటేలా కనీసం 3 సిరంజిలు ముందుగా ఇంట్లో ఉండాలి.

దాచడం

పెట్టె మీద 25 డిగ్రీల లోపు ఉంచమని, గడ్డకట్టనివ్వొద్దని ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టిన సిరంజి పనికిరాదు. పొయ్యి పక్క అర, కిటికీ గట్టు, ఎండలో నిలిపిన కారు, టీవీ పైభాగం వద్దు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఎక్కడ పెట్టాలో మీరు కొన్న బ్రాండ్ చీటీ చూపించి ఫార్మసిస్ట్‌ను అడగండి. వేసేముందు సిరంజిని వెలుతురుకు పట్టి చూడండి. మందు తేటగా ఉండాలి, రంగు లేకుండా లేదా లేత పసుపుగా. నలుసులున్నా, మబ్బుగా ఉన్నా, గాజు చిట్లినా, గడువు దాటినా పక్కన పెట్టేయండి.

ఎక్కడ వేయాలి

బొడ్డు మధ్యలో నుంచి నాలుగు వైపులా 5 సెం.మీ. వదిలేయండి. మూడు వేళ్లు పక్కపక్కన ఆనిస్తే దాదాపు అంత వెడల్పు వస్తుంది. దాని అవతల, పొట్ట పక్క భాగాల్లో కొవ్వు మెత్తగా చేతికి వచ్చే చోటు మనకు కావాలి. ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ. అదే వైపుకు తిరిగి వచ్చినప్పుడు కూడా పాత గుర్తుకు కనీసం రెండు వేళ్ల దూరంలో వేయండి.

ఆపరేషన్ కోత, కుట్లు, పాత మచ్చలు, కమిలిన చోట్లు, పుట్టుమచ్చలు, గట్టిపడిన గడ్డలు తప్పించాలి. మన కట్టూబొట్టులో ఇంకో చిక్కుంది. లంగా బొందు, పంచె ముడి, లుంగీ ముడి, మొలతాడు, ప్యాంటు బెల్టు ఒరుసుకునే గీత మీద వేస్తే రోజంతా రాపిడికి ఆ చోటు నల్లగా కమిలి నొప్పెడుతుంది. ఆ గీతకు పైనో కిందో రెండు వేళ్లు జరిపి వేయండి. బొందు కూడా రెండు మూడు వారాలు కాస్త వదులుగా కట్టుకోండి.

పొట్టకే పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, పొట్ట మీద సంచి (స్టోమా) ఉన్నవాళ్లకు తొడ ముందు భాగంలో బయటి వైపు వేసుకోమని చెబుతుంటారు. మీకు అలా చెప్పి ఉంటేనే తొడకు వెళ్లండి. చేతి కండలోకి, పిర్రలోకి ఎట్టి పరిస్థితుల్లో వేయకూడదు. ఇది చర్మం కింది కొవ్వులోకి వెళ్లాల్సిన మందు. కండలోకి పోతే లోపల రక్తం చేరి పెద్ద గడ్డవుతుంది.

ఇన్సులిన్ కూడా పొట్టకే వేసుకునేవాళ్లు రెండింటినీ ఒకే సిరంజిలో కలపొద్దు, ఒకే చోట వేయొద్దు. ఆ రోజు ఎనాక్సపారిన్ కుడివైపు అయితే ఇన్సులిన్ ఎడమవైపు.

వేసుకునే పద్ధతి

రాత్రి ఎనిమిది గంటల వార్తలప్పుడో, సాయంత్రం కాఫీ అయ్యాకో, రోజూ తప్పకుండా జరిగే పనికి ముడిపెట్టి ఒక వేళ ఖాయం చేసుకోండి. బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి సిరంజి, స్పిరిట్ స్వాబ్, పొడి దూది, సూదులు వేసే డబ్బా, రాసుకునే కాగితం పెట్టుకోండి. పిల్లలను గదిలోకి రానివ్వకండి.

1. సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి.

2. వెనక్కి ఆనుకుని కూర్చోండి, లేదా దిండు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పొట్ట కనబడాలి, పొట్ట కండరాలు వదులుగా ఉండాలి. నిలబడి వేసుకోవద్దు. కండరం బిగుసుకుంటుంది, కళ్లు తిరిగితే పడిపోతారు.

3. చోటు ఎంచుకుని స్పిరిట్ స్వాబ్‌తో ఒకసారి తుడవండి. ఆరనివ్వండి. నోటితో ఊదొద్దు. తడి స్పిరిట్ సూది వెంట లోపలికి పోతే భగ్గున మండుతుంది. "ఇంజక్షన్ మంటగా ఉంది" అనేవాళ్లలో కొందరికి మండేది ఈ స్పిరిటే.

4. సూది మూతను మెలితిప్పకుండా నేరుగా లాగండి. మెలితిప్పితే సూది వంగుతుంది. వంగిన సూదిని సరిచేసి వాడొద్దు. మూత తీశాక సూది దుప్పటికో వేలికో తగిలినా ఆ సిరంజి పక్కన పెట్టి కొత్తది తీయండి.

5. సిరంజిలో చిన్న గాలి బుడగ కనబడుతుంది. దాన్ని తీయొద్దు. మామూలు ఇంజక్షన్లలో గాలి తీయడం చూసి ఉంటాం కాబట్టి చేయి దానంతటదే సిరంజిని పైకెత్తి నొక్కబోతుంది. ఆపుకోండి. సూది కిందికి ఉన్నప్పుడు ఆ బుడగ పైకి తేలి ప్లంజర్ (బొటనవేలితో నొక్కే కడ్డీ) దగ్గర నిలుస్తుంది. మందంతా పోయాక చివర్లో వెళ్లి, సూదిలో మిగిలిన మందును కూడా లోపలికి నెడుతుంది. బుడగ తీస్తే దాంతో పాటు కొంత మందు పోతుంది. పైగా సూది బయటికి తీసేటప్పుడు లోపల మిగిలిన మందు చర్మం పొరలో కారి ఆ చోటు కమిలేలా చేస్తుంది. ఇది మొత్తం సిరంజి వేసుకునేవాళ్ల మాట. 60 మి.గ్రా. సిరంజిలో 50 మి.గ్రా. మాత్రమే వేయమని రాసినవాళ్లకు అదనపు 0.1 మి.లీ. ముందే తీసేయాలి. సూది కిందికి పెట్టి గీత చూసుకుంటూ వదలాలి. ఇది సిస్టర్ దగ్గర చేసి చూపించుకున్నాకే ఇంట్లో చేయండి.

6. సూది మొన మీద మందు చుక్క వేలాడుతుంటే, సూది కిందికి ఉంచి సిరంజిని వేలితో మెల్లగా తట్టి రాల్చేయండి. తుడవొద్దు. ఆ చుక్కతోనే గుచ్చితే చర్మం పైపొరలో మండి, చిన్న ఎర్ర మచ్చ తేలుతుంది.

7. రాసే చేత్తో సిరంజిని పెన్నులా పట్టుకోండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని మడతగా పైకి తీయండి. అర అంగుళం సూది నిలువుగా పూర్తిగా దిగినా కొవ్వులోనే ఉండేంత లావు మడత కావాలి. గట్టిగా గిల్లితే మడతే కమిలిపోతుంది. చపాతీ పిండి ముద్దను తీసినంత మెత్తగా చాలు. బాగా సన్నబడిన పెద్దవాళ్లలో మడత రాకపోతే బలవంతంగా గుచ్చకుండా ఏ చోట, ఏ కోణంలో వేయాలో సిస్టర్‌ను అడగండి.

8. మడత నడినెత్తిన, నిలువుగా, తడబడకుండా సూది మొత్తం దించండి. నెమ్మదిగా గుచ్చితేనే నొప్పి ఎక్కువ. గుచ్చడం చకచకా, మందు ఎక్కించడం మెల్లగా: ఈ తేడా గుర్తుంచుకోండి. ప్లంజర్‌ను వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడొద్దు. ఈ ఇంజక్షన్‌కు అది అక్కర్లేదు, లాగితే లోపల చిన్న నాళాలు చిట్లుతాయి.

9. బొటనవేలితో ప్లంజర్‌ను నిదానంగా చివరిదాకా నొక్కండి. లోపల్లోపల ముప్పై దాకా లెక్కపెట్టుకుంటూ నొక్కితే నొప్పీ, కమిలే మచ్చా తగ్గుతాయి. అప్పటిదాకా మడత వదలొద్దు.

10. సూదిని గుచ్చిన దారిలోనే నేరుగా బయటికి తీయండి. తీశాకే మడత వదలండి.

11. రక్షణ తొడుగు ఉన్న సిరంజి అయితే, సూదిని మీకూ పక్కవాళ్లకూ దూరంగా పెట్టి ప్లంజర్‌ను ఇంకాస్త గట్టిగా నొక్కండి. టక్కున శబ్దం వచ్చి తొడుగు సూదిని కప్పేస్తుంది. అన్ని బ్రాండ్లకూ ఇది ఉండదు. లేకపోతే మూత మళ్లీ పెట్టకుండా నేరుగా డబ్బాలో వేయండి. సూదులు వేళ్లకు గుచ్చుకునేది ఎక్కువగా మూత తిరిగి పెట్టేటప్పుడే.

12. చుక్క రక్తం వస్తే పొడి దూదితో రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. రుద్దొద్దు.

తారీఖు, వేళ, కుడి/ఎడమ, ఎన్నోది, ఇంకా ఎన్ని ఉన్నాయి: ఐదు మాటలు కాగితం మీద రాయండి. క్యాలెండర్ గడిలో "కు 7" అని రాసినా చాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మారి మారి వేస్తుంటే, ఒకరు వేశారని తెలియక మరొకరు వేయకుండా కాపాడేది ఈ కాగితమే.

చేయి వణికితే, కళ్లు తిరిగితే

సూది భయం వయసును బట్టి ఉండదు. ధైర్యానికీ దానికీ సంబంధం లేదు. రెండు రకాల వాళ్లుంటారు, ఉపాయాలు కూడా రెండు రకాలు.

గుండె దడ, చెమటలు, చేయి వణుకు వచ్చేవాళ్లు సిరంజి చేతిలో పెట్టుకుని ఎక్కువసేపు ఆలోచించకూడదు. అన్నీ సిద్ధం చేసుకుని, నాలుగు సార్లు ముక్కుతో పీల్చి నోటితో మెల్లగా వదిలి, వదిలే ఊపిరితో సూది దించండి. మణికట్టును పొట్టకు ఆనించుకుంటే వణుకు సూది దాకా రాదు. చల్లటి గుడ్డనో, గుడ్డలో చుట్టిన ఐసు ముక్కనో ఒక నిమిషం పెట్టి, తడి తుడిచి, ఆ తర్వాత స్పిరిట్ రాస్తే గుచ్చుకున్న స్పర్శ తగ్గుతుంది.

సూదిని, రక్తాన్ని చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు ఊపిరి వ్యాయామం అంతగా పనిచేయదు. వాళ్లలో రక్తపోటు పడిపోతుంది. వాళ్లు పడుకునే వేయించుకోవాలి. ఆపరేషన్ కాని కాలి కండను, రెండు పిడికిళ్లను 10-15 సెకన్లు బిగించి, 20-30 సెకన్లు వదలాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే రక్తపోటు నిలబడుతుంది. పొట్టను మాత్రం బిగించొద్దు. వేయడం ఇంట్లోవాళ్లకు అప్పగించడంలో తప్పేమీ లేదు. ఇంట్లోవాళ్లు కూడా "ఇంత చిన్న సూదికేనా" అనే మాట మానుకుంటే ఆ ఇంట్లో ఇంజక్షన్ వేళ ప్రశాంతంగా గడుస్తుంది.

వేశాక కనబడేవి, జరిగే తప్పులు

రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ, శనగగింజంత గట్టి ముద్ద, కాస్త దురద మామూలే. ముదురు నీలం నుంచి పచ్చగా మారి కొన్ని రోజుల్లో పోతాయి. ముద్ద కరగాలని కాపడం పెట్టొద్దు, నూనె మర్దన వద్దు, పసుపు పట్టించొద్దు, బామ్ రాయొద్దు. మచ్చలు రోజురోజుకూ పెద్దవవుతుంటే, అరచేయంత అయితే, చూపించాలి.

సూది తీశాక ఒకటి రెండు చుక్కల మందు బయటికి వస్తే పట్టించుకోనక్కర్లేదు. ఎక్కువ కారిపోయిందనిపించినా ఇంకో సిరంజి వేసుకోవద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు పైన మరో మోతాదు వేయడం తప్పు. ఫోన్ చేసి అడగండి. పొరపాటున ఒకే రోజు రెండు వేసుకుంటే, ఒంట్లో ఏ తేడా లేకపోయినా వెంటనే ఆసుపత్రికి చెప్పాలి.

మర్చిపోయి కొన్ని గంటలు ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మర్నాడు మామూలు వేళకు రండి. మర్నాటి వేళ దగ్గరపడ్డాక గుర్తొస్తే పోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేయొద్దు. వరసగా రెండు రోజులు తప్పితే డాక్టర్‌కు తెలియాలి.

నొప్పి ఇంజక్షన్ ముప్పు

ఆపరేషన్ నొప్పి రాత్రిపూట ఎక్కువవుతుంది. ఆసుపత్రి దూరం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి కబురు వెళ్తుంది, ఆయన వచ్చి పిర్రకు డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేస్తారు. ఎనాక్సపారిన్ వాడుతున్న మనిషికి ఇది రెండు విధాల చెడు చేస్తుంది. కండలో గుచ్చిన చోట లోపల రక్తం చేరుతుంది. డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్ల పనిని తగ్గించి, కడుపులో పుండు పడేలా చేసి, రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. ఐబూప్రోఫెన్ మాత్రలు, షాపులో అడిగి తెచ్చుకునే "ఒళ్లునొప్పుల సెట్టు" కూడా ఇదే దారి. నొప్పికి డిశ్చార్జి చీటీలో రాసినవే వాడాలి. చాలామందికి పారాసిటమాల్ ఉంటుంది. అది సరిపోకపోతే ఆపరేషన్ చేసిన డాక్టర్‌నే అడగాలి. ఎవరు ఏ ఇంజక్షన్ వేయబోయినా, పన్ను పీకబోయినా "నేను రక్తం పల్చబడే ఇంజక్షన్ మీద ఉన్నాను" అనే మాట ముందు రావాలి. మందుల చీటీ ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి.

ఆయుర్వేద చూర్ణాలు, కషాయాలు వాడుతుంటే వాటి పేర్లూ డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలిస్తామని మొక్కుకునేవాళ్లు ఎందరో. ఆ మొక్కు ఇంజక్షన్ల కోర్సు అయిపోయాక తీర్చుకోండి. కత్తి గాటు పడితే రక్తం తొందరగా ఆగదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

108కి ఫోన్ చేయాల్సినవి: ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, పడిపోయి తలకు దెబ్బ తగలడం (పైకి గాయం లేకపోయినా), కాఫీ పొడిలాంటి వాంతి, తారులా నల్లటి విరేచనం, పది పదిహేను నిమిషాలు అదిమి పట్టినా ఆగని రక్తం.

అదే రోజు చూపించాల్సినవి: ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం, మూత్రం ఎర్రగా రావడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో పదేపదే రక్తం, కుట్లు ఉబ్బి తడుస్తూ ఉండటం, ఒళ్లంతా దద్దుర్లు.

వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నడుము నొప్పి కొత్తగా మొదలై కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెన్నుపాము దగ్గర రక్తం చేరితే ఇలా అవుతుంది. అరుదు, కానీ గంటలు గడిచేకొద్దీ కాళ్లు మళ్లీ బాగయ్యే అవకాశం తగ్గిపోతుంది.

డాక్టర్ మధ్యలో సీబీపీ రక్తపరీక్ష (రక్తకణాల లెక్క) రాస్తే మానొద్దు. కొద్దిమందిలో, మందు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దాన్ని పట్టుకునేది ఆ పరీక్షే. ఇంజక్షన్ వేసిన చోట చర్మం నల్లగా మాడినట్టు అయితే తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే ఫోన్ చేయండి.

వాడేసిన సిరంజిలు

మందపాటి ప్లాస్టిక్ డబ్బా కావాలి. ఖాళీ అయిన ఫినాయిల్ డబ్బానో, మూత బిగుసుకునే హార్లిక్స్ ప్లాస్టిక్ డబ్బానో చాలు. పల్చటి నీళ్ల సీసాను సూది చీల్చుకుని వస్తుంది. "సూదులు, ముట్టుకోవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ముప్పావు వంతు నిండగానే మూతకు టేపు చుట్టేయండి. దాన్ని కుట్లు విప్పించుకోవడానికి వెళ్లేటప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తీసుకుంటారా అని ముందే ఫోన్ చేసి అడిగితే మేలు. ఆసుపత్రుల్లో సూదులకు తెల్లటి గట్టి డబ్బాలు వేరుగా ఉంటాయి. కుదరకపోతే చెత్త బండివాళ్లకు తడి, పొడి చెత్తలో కలపకుండా, ఇదేమిటో చెప్పి విడిగా ఇవ్వండి. కవర్‌లో చుట్టి పడేసిన సూది గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతికే.

ఇంట్లో ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే పిండి రక్తం తీయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు డాక్టర్‌ను కలవాలి.

కోర్సు చివర్లో కొందరికి ఇంజక్షన్ ఆపి రక్తం పల్చబడే మాత్రలు రాస్తారు. డాక్టర్ చెప్పకుండా రెండూ కలిపి నడపొద్దు. అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటి మాత్రలైతే సాధారణంగా తర్వాతి ఇంజక్షన్ వేయాల్సిన వేళకే దాని బదులు మొదటి మాత్ర మొదలవుతుంది; వార్ఫరిన్ అయితే డాక్టర్ కొన్ని రోజులు రెండూ కలిపి నడుపుతారు. మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో, ఇంజక్షన్ ఎప్పుడు ఆపాలో డాక్టర్‌తో రాయించుకోండి. హాయిగా నడుస్తున్నాం కదా అని 28 రోజుల కోర్సును 15వ రోజు ఆపేయొద్దు. డాక్టరే మధ్యలో ఆపించి సిరంజిలు మిగిలితే సీలు తీయని పెట్టెలను బిల్లుతో షాపులో అడిగి చూడండి. మోకాలి ఆపరేషన్ అయిన చుట్టాలకు మాత్రం పంచిపెట్టొద్దు. వాళ్ల బరువు, కిడ్నీలు, వాళ్లు వాడే మాత్రలు చూశాకే వాళ్ల డాక్టర్ మోతాదు రాయాలి.